కూలిన యంత్రమును గూర్చి సాక్ష్యము చెప్పుట

మన పాఠశాల కంప్యూటరు గదిలో గత సంవత్సరము వర్షాకాలమున ఒక ల్యాప్‌టాపు మాటిమాటికి ఆగిపోవుచుండెను. ఆగిపోవుట యనగా మెల్లగా నడచుట కాదు. తెరయంతయు ఒక్కసారిగా నీలవర్ణమై, తెల్లని అక్షరములతో కొన్ని పంక్తులు కనబడి, పిమ్మట యంత్రము తనంతట తానే మఱల మొదలగుచుండెను. దీనినే క్రాష్ అందురు. అంతవఱకు వ్రాసి భద్రపఱచనిదంతయు పోవుచుండెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె విజ్ఞాన ప్రదర్శనమునకై మూసీనదిని గూర్చి రెండు గంటలసేపు టైపుచేసిన వ్యాసము ఈ విధముగానే మాయమైనది. ఆమె ఏడ్వలేదు గాని, ఆ దినము మధ్యాహ్నము అన్నము తినలేదని తోడివారు చెప్పిరి.

కారణమేమని విచారింపగా నోటికొక మాట వచ్చినది. యంత్రము పాతదని కొందఱు, వైరస్ సోకినదని కొందఱు అనిరి. మన పాఠశాల దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్బీనగర్‌కును నడుమ మెట్రో రైలుమార్గమునకు చేరువనున్నది గదా. ఆ రైలు పోవునప్పుడెల్ల విద్యుత్తు అదరి యంత్రము కూలుచున్నదని ఎనిమిదవ తరగతివారు గట్టిగా వాదించిరి. (ఎల్బీనగర్ వఱకు ఆ రైలు 2018 సెప్టెంబరు 24వ తేదీన మొదలైనది. అంతకు పూర్వము కూడ మన కంప్యూటర్లు కూలుచునే యుండెనని గదిని కనిపెట్టుకొనియుండు ఆయన నవ్వుచు చెప్పెను.) మేము ఆ ల్యాప్‌టాపును చేసిన కంపెనీకి "యంత్రము సరిగా పనిచేయుట లేదు. వెంటనే బాగుచేయింపగోరుచున్నాము" అని వ్రాసితిమి. "ఒకసారి ఆపి మఱల ప్రారంభింపుడు" అని జవాబు వచ్చినది. అది న్యాయమైన జవాబే. మేము చెప్పినదానికి అంతకంటె ఎక్కువ ఎవరు చెప్పగలరు? ఒంట్లో బాగులేదని మాత్రము చెప్పి ఊరకుండు రోగికి వైద్యుడు ఏ మందు ఇయ్యగలడు?

యంత్రము ఎట్లు కూలును, గాలిలో వచ్చు వైఫై దానికెట్లు కారణమగును, చూచినవారు దానిని ఏమని తెలుపవలెను అను మూడు సంగతులను విద్యార్థుల నిమిత్తము ఇచ్చట చెప్పబూనితిని. తల్లిదండ్రులకును ఇందు కొంత పనికివచ్చునది ఉండవచ్చును.

ప్రతి కంప్యూటరునందును, ప్రతి ఫోనునందును మనకు కనబడు ప్రోగ్రాములన్నిటికిని అడుగున ఆపరేటింగ్ సిస్టమ్ అను మూలవ్యవస్థ కలదు. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ అట్టివి. దాని నడుమ కెర్నెల్ అను భాగముండును. మెమరీని పంచియిచ్చుట, ప్రాసెసరును ఎవరెంతసేపు వాడవలెనో నిర్ణయించుట, పరికరములను నడుపుట దాని పని. మనము వాడు ఆటగాని, బొమ్మల ప్రోగ్రాముగాని తప్పుచేసినచో కెర్నెలు దానినొక్కదానిని ఆపివేయును, తక్కినవి నడచుచునే యుండును. వీథి అరుగుమీద కూర్చున్న అతిథి చెంబు ఒలుకబోసినచో అరుగు తడియును, అంతే. వంటయింట నిప్పు అంటుకొన్నచో ఇల్లంతయు అంటుకొనును. కెర్నెలు వంటయిల్లు. అందు తప్పు జరిగినప్పుడు, చెడిన లెక్కలతో ముందుకుపోయి డిస్కుమీది వ్రాతలన్నిటిని పాడుచేయుటకంటె నిలిచిపోవుటయే మేలని దానిని నిర్మించినవారు ఏర్పఱచిరి. లినక్సునందు ఈ నిలుపుదలను కెర్నెల్ పానిక్ అందురు. విండోస్‌నందు చిరకాలము అది నీలితెరగా ప్రసిద్ధి చెందినది. 2025లో విండోస్ 11నందు ఆ రంగును నలుపుగా మార్చిరి. రంగు ఏదైనను ఆ తెర మనకు శత్రువు కాదు. తలుపు మూసి, లోపల నిప్పున్నదని కేకవేయు కావలివాడు అది.

కెమెరా, ప్రింటరు, వైఫై రేడియో మొదలగు పరికరములలో ప్రతిదానికిని డ్రైవరు అను ప్రోగ్రాము కావలెను. ఈ డ్రైవర్లలో పెక్కులు కెర్నెలు లోపలనే నడచును. వానిని వ్రాయువారు మాత్రము తఱచుగా కెర్నెలును వ్రాసినవారు కారు, ఆ పరికరములను చేసినవారు. బయటి వంటవానిని మన వంటయింటిలోనికి రానిచ్చినట్లే. ఇందలి అపాయమును లోకమంతయు 2024 జూలై 19వ తేదీన చూచినది. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థవారి రక్షణ ప్రోగ్రాము కెర్నెలు లోపల డ్రైవరువలె నడచునది. వారు పంపిన ఒక్క ఫైలులోని తప్పుచే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవని మైక్రోసాఫ్ట్ వారు లెక్కకట్టిరి. ఆ దినము మన శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. అది వైఫై దోషము కాదు. వంటయింటిలోని చిన్న తప్పు ఎంతదూరము పోవునో తెలియుటకై చెప్పితిని.

ఇక వైఫై డ్రైవరు సంగతి. ప్రింటరు డ్రైవరు మన ప్రింటరుతో మాత్రమే మాటలాడును. వైఫై డ్రైవరు అట్లు కాదు, గాలిలో ఎవరు పలికినను వినవలసినదే. ప్రతి రౌటరును సాధారణముగా సెకనునకు పది పర్యాయములు తన పేరును చాటుచుండును. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ హాస్టలు మెట్లమీదనైనను నిలువబడి ఫోనులో వైఫై పట్టికను తెఱచి చూడుడు. పై అంతస్తువారు, ఎదుటి కోచింగు సెంటరు, క్రింది దుకాణము, ప్రక్క ఇంటిలోని టెలివిజను, అందఱి పేర్లును వరుసగా వచ్చును. మనము వీనిలో దేనితోను చేరకున్నను మన యంత్రము ఆ పేర్లను చదువకతప్పదు. అపరిచితుల మాటలను వంటయింటిలో కూర్చుండి విను పని యిది. ఇంతేకాక ల్యాప్‌టాపు మూత మూసినప్పుడు రేడియో నిద్రించును, తెఱచినప్పుడు మేల్కొని విడిచిన చోటునుండి సంభాషణమును మఱల అందుకొనవలెను. ఆ మేల్కొనుటలో ముందు జరుగవలసినది వెనుక, వెనుక జరుగవలసినది ముందు జరిగినచో కూలుట సంభవించును. ఇట్టి తప్పు ఒకనాడు కనబడును, మఱొకనాడు కనబడదు. అందువలననే దయ్యములును, మెట్రోరైళ్లును నిందను మోయుచుండును.

పేరు అంటిని గదా. వైఫై పేరునకు 32 బైట్లకంటె ఎక్కువ చోటులేదని ఆ పద్ధతిని నిర్ణయించిన ప్రమాణము చెప్పుచున్నది. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. యూటీఎఫ్-8 అను లిపిసంకేతమున తెలుగునకు మూడేసి బైట్లు కావలెను. అదియు హల్లునకు మూడు, గుణింతపు గుర్తునకు వేఱుగా మూడు, పొల్లునకు మఱి మూడు. పలకమీద లెక్కించి చూడుడు. ఎల్బీనగర్ అను పేరులో ఎ, ల, పొల్లు, బ, దీర్ఘపు గుడి, న, గ, ర, పొల్లు, మొత్తము తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. ఇమిడి ఇంక 5 మిగులును. దిల్‌సుఖ్‌నగర్ అనుదానిలో పండ్రెండు గుర్తులు, 36 బైట్లు. ఇమడదు! పైగా ల క్రింద స వత్తుగా దిగకుండుటకును, ఖ క్రింద న దిగకుండుటకును నడుమ కంటికి కనబడని విడదీయు గుర్తునొకదానిని రెండుచోట్ల వేయుదుము. వానినికూడ లెక్కించినచో 42. ఈ కనబడని గుర్తును జ్ఞాపకముంచుకొనుడు, దానితో మఱల పనియున్నది.

ఇప్పుడొక ప్రశ్న. ప్రమాణము 32 అన్నది నిజమే గాని, ఎవరైనను అంతకంటె పొడవైన పేరును చాటినచో ఏమగును? చాటింపులో పేరునకు ముందు దాని పొడవు ఒక బైటులో వ్రాయబడియుండును. ఒక బైటులో 255 వఱకు వ్రాయవచ్చును. వ్రాసినదానిని నమ్మక, 32 దాటినచో త్రోసివేయుట డ్రైవరు ధర్మము. 2006 నవంబరు మాసమున కొందఱు భద్రతా పరిశోధకులు దినమునకొక కెర్నెలు దోషమును వెల్లడించుటకు పూనుకొనిరి. వారు 11వ తేదీన వెల్లడించినది బ్రాడ్‌కామ్ వారి వైఫై డ్రైవరులోని దోషము. ఆ డ్రైవరు పెక్కు కంపెనీల ల్యాప్‌టాపులలో వాడుకలో నుండెను. అది పొడవును పరీక్షింపక పేరును తనకున్న చిన్న చోటులోనికి ఎత్తిపోసెడిది. మిగిలినది ప్రక్కనున్న లెక్కలమీద పడి యంత్రము కూలెడిది. కూలుటయే కాదు, దుష్టుడు తెలివిగా పేరును కూర్చినచో యంత్రమే వాని వశమయ్యెడిది. ఏ నెట్‌వర్కుతోను చేరనక్కఱలేదు, రేడియో ఆ చాటింపును విన్న చాలును. ఆ పరిశోధకులు "వైఫై చెడ్డది" అని వ్రాయలేదు. ఏ ఫైలు, ఏ సంచిక, ఏ విధమైన చాటింపు, అందు ఏ భాగము పొడవైనచో కూలును అను సంగతులను వ్రాసిరి. కావుననే దిద్దుబాటు సాధ్యమైనది.

సాక్ష్యము సరిగాలేనిచో నిరపరాధికి శిక్షపడుననుటకు మన అక్షరమే ఉదాహరణము. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులను ఒక తెలుగు అక్షరము కూల్చుచున్నదని దేశదేశముల పత్రికలు వ్రాసినవి. ఆ అక్షరము 'జ్ఞా'. సందేశములో అది వచ్చినచో దానిని చూపబోవు ప్రోగ్రాము కూలెడిది. తెరమీద సూచనగా వచ్చినచో ఫోను ముఖద్వారపు తెరను నడుపు ప్రోగ్రామే పడిపోయెడిది. జ్ఞానము అను మాటకు మొదటి అక్షరము లోకమునకు విషమైనదని వినుటకు ఎట్లుండును? అప్పటి మా తరగతిలో కొందఱు గర్వపడిరి, కొందఱు సిగ్గుపడిరి. నాకు మాత్రము సందేహము కలిగినది. ప్రజ్ఞావంతుడు, విజ్ఞానము, ఆజ్ఞాపించుట అను మాటలను తెలుగువారు తమ ఫోనులలో ప్రతిదినము చదువుచుండిరి గదా. వారి ఫోనులన్నియు ఏల కూలలేదు?

సంగతి యేమనగా, ఫోనులను కూల్చినది మనము వ్రాయు 'జ్ఞా' కాదు. ఆ వరుసలో ఐదు గుర్తులుండెను: జ, పొల్లు, ఞ, కనబడని విడదీయు గుర్తు, ఆపైన ఆ-కారపు దీర్ఘము. మనము జ్ఞానమని వ్రాయునప్పుడు నాలుగవది ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ వంటి పేర్లలో పొల్లు తరువాత వేయవలసిన ఆ గుర్తు, అక్కడ ఎవరును వేయని చోట, ఞకును దీర్ఘమునకును నడుమ పడియుండెను. మనీష్ గోరేగావ్‌కర్ అను సాఫ్ట్‌వేరు నిపుణుడు గుర్తులను ఒక్కొక్కటిగా మార్చి, తీసి, మఱల పెట్టి పరీక్షించి ఆ ఫిబ్రవరి మాసముననే తన పరీక్షలను ప్రకటించెను. జకును ఞకును బదులు తెలుగులోని ఇతర హల్లులు ఉన్నను కూలుచుండెను. బంగాళీలోను, దేవనాగరిలోను అట్టి కూర్పులు కొన్ని కూల్చుచుండెను. గుణింతములలో మాత్రము ఐ-కారపు గుర్తువంటివి కొన్ని కూల్చకుండెను. అనగా తప్పు తెలుగుదికాదు, అక్షరములను కూర్చి తెరపై గీయు ఆపిల్ వారి ప్రోగ్రాముది. ఫిబ్రవరి 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 సంచికతో వారు దానిని దిద్దిరి. పత్రికల సాక్ష్యమునే నమ్మి ఒక్క 'జ్ఞా'ను నిషేధించియున్నచో దోషము అట్లేయుండి, భాషకొక అక్షరము పోయెడిది.

ఈ కథకు వైఫైతో సంబంధమేమందురా? ఐదు గుర్తులు, మూడేసి చొప్పున 15 బైట్లు. 32లో సులభముగా ఇముడును. అట్టి పేరును రౌటరునకు పెట్టినచో, చుట్టుప్రక్కల దిద్దుబాటు పొందని ఫోనులలో పేర్ల పట్టికను చూపబోవు ప్రోగ్రామునకు ఆ గతి పట్టుటకు అవకాశముండెను. చూచువానికి "వైఫై తెఱవగానే కూలినది" అనియే తోచును. అతడు రేడియోను నిందించును, డ్రైవరును మార్చును, కొత్త ఫోను కొనును. దోషమో అక్షరములు గీయుచోట నున్నది. 2021 జూన్ మాసమున మఱొకటి బయలుపడినది. శాతపు గుర్తులతో కూర్చిన ఒక విచిత్రమైన పేరుగల నెట్‌వర్కుతో చేరిన ఐఫోనులో వైఫై పనిచేయుట మానివేసినది, ఫోనును ఆపి మొదలుపెట్టినను రాలేదు. కనుగొన్నవాడు ఆ పేరును అక్షరము తప్పకుండ ప్రకటించుటచే ఇతరులు పరీక్షించి కారణమును ఊహింపగలిగిరి.

మన ల్యాప్‌టాపు దగ్గఱకు వత్తము. వ్యాసమును పోగొట్టుకొన్న ఆ బాలికయే ఒక నోటుబుక్కు తీసికొని రూళ్లు గీచినది. కూలిన తేదీ, గంట, అప్పుడు చేయుచున్న పని, మూత తెఱచి ఎంతసేపైనది, వైఫై ఉన్నదా లేదా, మెట్రో పోవుచున్నదా అని గడులు. రెండు వారములు వ్రాసినది. కూలని దినములనుకూడ వ్రాయుమని నేను చెప్పితిని, ఏలయనగా కూలినవానిని మాత్రమే వ్రాసినచో పోల్చుటకు ఏమియు నుండదు. మెట్రో గడి చూచి ఎనిమిదవ తరగతివారు మొదట సంతోషించిరి. పదునొకండు మాఱులు కూలగా తొమ్మిది మాఱులు రైలు సమీపముననే యుండెను! అయితే కొలది నిమిషములకొక రైలు అటో ఇటో పోవుచుండగా, గంట కొట్టినను, కాకి అఱచినను సమీపమున ఒక రైలు ఉండకతప్పదు. యంత్రము కూలనప్పుడును ఆ గడి అంతే నిండియుండెను. మూత గడి సంగతి వేఱు. పదునొకండు మాఱులును మూత తెఱచిన నిమిషములోపలనే కూలినది, ప్రతిసారియు వైఫై ఉండెను. పిమ్మట వైఫైని ఆపి ఇరువది మాఱులు మూత మూసి తెఱచితిమి. కూలలేదు. తీగతో ఇంటర్నెటు నిచ్చి ఇరువది మాఱులు చేసితిమి. కూలలేదు. వైఫై పెట్టి తెఱవగా ఏడవ మాఱు నీలితెర వచ్చినది. ఆ తెరను ఫోనుతో ఫోటో తీసితిమి.

అంతట ఆ బాలిక వ్రాసిన రెండవ ఉత్తరము ఈ విధముగా నుండెను:

"మా ల్యాప్‌టాపు నమూనా సంఖ్యయు, విండోస్ 10 సంచిక సంఖ్యయు, వైఫై కార్డు పేరును, దాని డ్రైవరు సంచికయు తేదీయు క్రింద వ్రాసితిమి. మూత మూసి పది నిమిషములుంచి తెఱచినచో, వైఫై ఉన్నప్పుడు, ఒక నిమిషములోపల నీలితెర వచ్చుచున్నది. ప్రతిసారియు రాదు, పరీక్షలో ఏడవ మాఱు వచ్చినది. వైఫై ఆపినప్పుడు ఇరువది మాఱులలో ఒక్కటియు రాలేదు. తీగతోను రాలేదు. తెరపై 'డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్' అని యున్నది. ఫోటోయు, మినీడంప్ అను ఫోల్డరులోని మూడు ఫైళ్లును జతపఱచితిమి. మఱొక రౌటరుతో పరీక్షించుటకు మాకు వీలుకాలేదు. మేల్కొనునప్పుడు వైఫై డ్రైవరు తప్పుచేయుచున్నదని మా ఊహ. ఇది ఊహ మాత్రమే."

ఈ ఉత్తరమున నాకు మిక్కిలి నచ్చినవి చివరి మూడు వాక్యములు. చేయనిదానిని చేయలేదని చెప్పినది, ఊహను ఊహయని వేఱుగా పెట్టినది. మొదటి ఉత్తరమున మేము ఊహను కూడ చెప్పలేదు, కోపమును మాత్రము చెప్పితిమి. ఆ నీలితెర మాటకు అర్థము, డ్రైవరు ఆ సమయమున ముట్టరాని మెమరీని ముట్టినదని. చదువువాడు నిపుణుడైనచో ఆ యొక్క పంక్తియే అతనికి సగము దారి చూపును. పంపుటకు ముందు ఫోటోలో వైఫై సంకేతపదము కనబడుచుండిన చీటీని కత్తిరించివేసితిమి. మినీడంపు చిన్నది గనుక పంపవచ్చును గాని, యంత్రపు మెమరీనంతటిని కక్కు పెద్ద ఫైలులో మన ఉత్తరములును సంకేతపదములును ఉండవచ్చును. దానిని అడిగినవారికెల్ల ఈయరాదు.

లినక్సు వాడువారికి ఇట్టి వ్రాతలు జర్నల్ అను దినచర్యలో దొరకును, కూలుటకు ముందటి ప్రారంభమునకు సంబంధించినవానిని అడిగి చూడవలెను. పూర్వపు సంచికలో లేని తప్పు కొత్త సంచికలో వచ్చినచో, నడుమ జరిగిన మార్పులను సగముచేసి, సగముచేసి వెదకు పద్ధతి అందు కలదు. వేయి మార్పులున్నను పది పరీక్షలలో దోషి చిక్కును. రెండును పదిమాఱులు గుణించి చూచినవారికి ఇందు వింత తోచదు.

తొమ్మిది దినములకు కంపెనీనుండి జవాబు వచ్చినది. అది ఆ డ్రైవరులో తమకు తెలిసిన దోషమే యనియు, కొత్త సంచికను పంపుచున్నామనియు వ్రాసి, మఱల పరీక్షించి ఫలమును తెలుపగోరిరి. కొత్తదానిని వేసి ముప్పది మాఱులు మూత తెఱచితిమి. కూలలేదు. నోటుబుక్కులో ఆ ముప్పదియు వరుసగా వ్రాయబడియున్నవి. ఎనిమిదవ తరగతివారు మాత్రము ఇప్పటికిని రైలు పోవునప్పుడు ఆ యంత్రమువైపు ఒకమాఱు చూచుచుందురు.

మూసీనది వ్యాసమును ఆ బాలిక మఱల వ్రాసినది, ఈసారి పేరా పేరాకు భద్రపఱచుచు. మొదటిది ఇంతకంటె బాగుండెనని ఆమె అభిప్రాయము. కంప్యూటరు గది రౌటరునకు తెలుగులో పేరు పెట్టవలెనని విద్యార్థులు కోరిరి. దిల్‌సుఖ్‌నగర్ ఇమడకపోవుటచే ఎల్బీనగర్ అని పెట్టితిమి. ఆ వైపునుండి వచ్చు బాలురు దీనిని తమ విజయముగా చెప్పుకొనుచున్నారు.